కీర్తన బాణీల సూచికలో శ్రుతి, తాళ వివరాల నమోదు

ఆంగ్ల క్రైస్తవ కీర్తనల బాణీలను భద్రపరిచే డేటాబేస్‌లో ప్రతి బాణీకి దాని పేరు, స్వరకర్త, పాదాల అక్షర లెక్కతో పాటు 'కీ' (ఆధార శ్రుతి), 'టైమ్ సిగ్నేచర్' (తాళ సంకేతం) కూడా నమోదు చేస్తారు. ఈ రంగంలో పేరున్నది హిమ్నరీ.ఆర్గ్.

కీ బాణీకి పుట్టుకతో వచ్చింది కాదు. 'అమేజింగ్ గ్రేస్' పాడే 'న్యూ బ్రిటన్' బాణీ ఒక పుస్తకంలో జి మేజర్‌లో, మరోదానిలో ఎఫ్ మేజర్‌లో ఉంటుంది. సభ గొంతుకు అందేలా సంపాదకులు శ్రుతి దించుతారు. అందుకే కీని ఏ ముద్రణలోదో చెప్పి రాయడమే సరైన పద్ధతి. బాణీని గుర్తుపట్టడానికి మాత్రం శ్రుతితో పనిలేని అంకెలు వాడతారు: ఆధార స్వరం 1 అనుకుంటే 'న్యూ బ్రిటన్' ఎత్తుగడ 5 1 3 1 3 2 1 6 5. ఏ శ్రుతిలో పాడినా ఈ వరుస మారదు.

స్వరలిపి మొదట్లో ఉన్న ఒక్క షార్ప్ గుర్తు చూసి కీ జి మేజర్ అని రాసేయకూడదు. ఇ మైనర్‌కూ అదే గుర్తు. బాణీ ఏ స్వరం మీద ముగిసిందో చూడాలి.

తాళ సంకేతాన్ని అక్షర లెక్కతో కలపకూడదు. 8.6.8.6 అన్నది సాహిత్యపు కొలత, 3/4 అన్నది సంగీతపు కొలత. రెండింటినీ ఆంగ్లంలో 'మీటర్' అనడంతో పొరపాట్లు జరుగుతుంటాయి. మధ్యలో తాళం మారే బాణీకి సంకేతాలన్నీ రాయాలి.

తెలుగు పాఠకులకు ఇలాంటి నమోదు కొత్త కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల తలమీద రాగం, తాళం పేర్లు అచ్చై ఉంటాయి.