విమానం నడిపేవాడి కొలతలు

1903 డిసెంబరులో కిట్టీ హాక్ ఇసుక తిన్నెల మీద ఎగిరినప్పుడు రైట్ సోదరుల ఒంటి మీద ఉన్నవి కోటు, కాలరు, టై. ఆ రోజు అన్నిటికన్నా ఎక్కువసేపు సాగిన ప్రయాణం 59 సెకన్లు. నిమిషం కూడా పట్టని పనికి వేరే బట్టలు కుట్టించుకోవాలని ఎవరికి తోస్తుంది?

పదిహేనేళ్లు తిరక్కుండానే మొదటి ప్రపంచ యుద్ధం వాళ్ల ఆటబొమ్మను పదిహేను వేల అడుగులకు ఎక్కించింది. వెయ్యి అడుగులు పైకి పోయినకొద్దీ గాలి సుమారు రెండు డిగ్రీలు చల్లబడుతుంది. కింద ఉక్కపోస్తున్న రోజున కూడా ఆ ఎత్తులో నీళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది. కాక్‌పిట్‌కు పైకప్పు లేదు. గంటకు వంద మైళ్ల ఎదురుగాలి. వేళ్లు, ముక్కు చచ్చుబడిపోతాయని ముఖానికి తిమింగలం కొవ్వు పులుముకుని విమానం ఎక్కేవారు.

చలి ఒక్కటే అయితే సరే, దానికి తోడు ఆముదం. సాప్‌విత్ క్యామెల్ లాంటి విమానాల రోటరీ ఇంజన్లలో సిలిండర్లు కూడా ప్రొపెల్లర్‌తో పాటే గిర్రున తిరిగేవి. పెట్రోలులో కలిసిపోని కందెన కావాలి కాబట్టి ఆముదం పోసేవారు. పోసింది పోసినట్టే పొగతో బయటికొచ్చి వెనక కూర్చున్నవాడి ముఖం మీద పడేది, కొంత నోట్లోకీ పోయేది. నెలకోసారి అమ్మమ్మ చేతి ఆముదం తాగి పెరిగినవాళ్లకు ఆ తరువాతి సంగతి చెప్పక్కర్లేదు. సినిమాల్లో షోకుగా ఎగిరే పైలట్ల సిల్కు స్కార్ఫు అసలు పని గాగుల్స్ మీద ఆముదం తుడుచుకోవడం, శత్రువు కోసం తల అటూ ఇటూ తిప్పేటప్పుడు మెడ ఒరుసుకుపోకుండా చూసుకోవడం.

బట్టల ఖర్చు ఎవరిది? బ్రిటన్‌లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరిన ఆఫీసర్ చేతిలో ఇంత భత్యం పెట్టేవారు, యూనిఫాం వాడే కుట్టించుకోవాలి. తోలు కోటు, బొచ్చు బూట్లు, గాగుల్స్ చాలామంది బర్బెరీ, గ్యామేజెస్ లాంటి లండన్ దుకాణాల్లో సొంతంగా కొనుక్కునేవారు. మొదట్లో చదువూ ఇదే పద్ధతి. ప్రైవేటు బడిలో 75 పౌండ్లు కట్టి విమానం నేర్చుకుని రాయల్ ఏరో క్లబ్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే, కోర్‌లోకి తీసుకున్నాక ఆ డబ్బు తిరిగి ఇచ్చేవారు. తీసుకోకపోతే పోయినట్టే.

ఈ గందరగోళంలోంచి పైలట్ బట్టకు ఒక రూపం ఇచ్చినవాడు దర్జీ కాదు, శాస్త్రవేత్త కాదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కుర్రాడు. బ్రిటిష్ నౌకాదళపు విమాన విభాగంలో పైలట్. 1916 చలికాలంలో ఒక రోజు ఇంజన్ బాగుచేసుకుంటుండగా పిలుపొచ్చింది. మురికి ఓవరాల్ విప్పే తీరిక లేక అలాగే ఎగిరాడు. దిగాక చూస్తే, తోలు కోట్లూ బొచ్చు కోట్లూ వేసుకున్నవాళ్లంతా గడగడ వణుకుతున్నారు, తనకు మాత్రం చలి లేదు. కారణం ఓవరాల్‌కు పట్టిన జిడ్డే! నూనె, గ్రీజు ఇంకిపోయి గుడ్డలో గాలి దూరే సందు లేకుండా పోయింది. ఒంటి వేడి లోపలే నిలిచింది. బట్ట మందం కాదు ముఖ్యం, గాలి చొరబడకపోవడం ముఖ్యమని అతనికి అర్థమైంది.

సెలవు పెట్టి లండన్ వెళ్లి రాబిన్సన్ అండ్ క్లీవర్ దుకాణంలో తన ఊహను కుట్టించాడు. లోపల పల్చని బొచ్చు, మధ్యలో గాలి దూరని సిల్కు, పైన తేలికైన బర్బెరీ గుడ్డ, అంతా కలిపి మెడ నుంచి మడమ దాకా ఒకటే అంగీ. మెడ దగ్గర, మణికట్ల దగ్గర బొచ్చు అంచులు. జేబులు మోకాళ్ల కింద పెట్టించాడు, ఎందుకంటే సీట్లో కూర్చున్నవాడి చెయ్యి తేలిగ్గా అందేది అక్కడికే. ఇవాళ్టి ఫ్లయింగ్ ఓవరాల్ కాలి మీద జేబులు చూసి అలంకారం అనుకునేవాళ్లకు ఈ ముక్క చెప్పాలి. అతని పేరులోంచే దానికి సిడ్‌కాట్ అని పేరొచ్చింది. 1917 చివరికల్లా సైన్యం దాన్ని తీసుకుంది, మార్పులు చేర్పులతో రెండో ప్రపంచ యుద్ధం దాకా వాడారు.

ఈ కాటన్‌కూ మన హైదరాబాద్‌కూ ఒక లంకె ఉంది. 1918లో బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు కొనిచ్చింది నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ప్రతి విమానం మీదా నిజాం కానుక అని రాయించారు, దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు నిలిచిపోయింది. ముప్పై ఏళ్ల తరువాత, 1948లో, అదే నిజాం సంస్థానానికి కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో దొంగచాటుగా ఆయుధాలు చేరవేసిన ఆసామి ఎవరనుకున్నారు? సిడ్నీ కాటనే. ఆ సెప్టెంబరులో భారత సైన్యం రావడంతో ఆ వ్యాపారం ముగిసింది. ఇంగ్లండ్ కోర్టు అతనికి వేసిన జరిమానా 200 పౌండ్లు. ఆ తూకానికి ఆ శిక్ష హాస్యాస్పదమనే నా అభిప్రాయం.

అందరికీ ఒకే అంగీ సరిపోతుందా అంటే, తల దగ్గరే తేడా వచ్చింది. రావల్పిండిలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన హర్దిత్ సింగ్ మాలిక్ యుద్ధంలో ఎగరాలనుకుంటే బ్రిటిష్‌వాళ్లు వద్దన్నారు. ఫ్రాన్స్ వెళ్లి అంబులెన్స్ నడిపాడు. ఫ్రెంచి వైమానిక దళం తీసుకోవడానికి సిద్ధపడిందని తెలిసి అతని ఆక్స్‌ఫర్డ్ గురువు నేరుగా ఫ్లయింగ్ కోర్ పెద్ద జనరల్ హెండర్సన్‌కు ఉత్తరం రాశాడు. అప్పుడు గానీ 1917లో తలుపు తెరుచుకోలేదు. పాగా తీయనన్నాడు. పాగా మీద పట్టేలా పెద్ద హెల్మెట్ ప్రత్యేకంగా చేయించుకున్నాడు. ఆ బుర్ర చూసి తోటివాళ్లు ఎగిరే భూతం అని ముద్దుపేరు పెట్టారు. రెండున్నర గంటల శిక్షణతో ఒంటరిగా ఎగిరాడు, నెల తిరక్కుండా రెక్కల బ్యాడ్జి తగిలించుకున్నాడు. అక్టోబరు 26న కాలికి దెబ్బలు తగిలి కూలినా బతికాడు. రెండు తూటాలు మాత్రం చివరిదాకా కాల్లోనే ఉండిపోయాయి.

అదే యుద్ధంలో కలకత్తా కుర్రాడు ఇంద్ర లాల్ రాయ్‌ను కంటిచూపు చాలదని తోసిపుచ్చారు. మోటారుసైకిలు అమ్మి పేరున్న కంటి డాక్టరుకు చూపించుకుని, ఆ కాగితంతో నిర్ణయం మార్పించుకున్నాడని చెబుతారు. 1918 జులైలో రెండు వారాల్లో పది విమానాలు కూల్చి, అదే నెల 22న చనిపోయాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు.

పైలట్ అర్హతకు గుర్తైన ఆ రెక్కల బ్యాడ్జికి 1916లో పెట్టిన పరీక్ష ఇది: ఒంటరిగా 15 గంటలు ఎగరాలి, 60 మైళ్ల దూరప్రయాణం చేసి దారిలో రెండు చోట్ల దిగాలి, 6,000 అడుగులకు ఎక్కి పావుగంట నిలిచి, ఇంజన్ ఆపేసి, 50 గజాల వలయంలో దిగాలి. చీకట్లో కాగడాల వెలుగులో రెండుసార్లు దిగాలి. చదవడానికి బాగానే ఉంది, నేర్పేవాడే లేడు. శిక్షకుల్లో చాలామంది యుద్ధరంగంలో నలిగి విశ్రాంతికి వచ్చినవాళ్లు. శిష్యులు తమను చంపుతారన్న భయంతో ఆ శిష్యులకు ‘హన్’లని, అంటే జర్మన్లని, పేరు పెట్టారు. ఇంజన్ హోరులో మాట వినపడక భుజం తట్టి, చేతులూపి చెప్పేవారు.

1917లో గాస్‌పోర్ట్‌లో రాబర్ట్ స్మిత్-బారీ దీన్ని తలకిందులు చేశాడు. ఇతను 1914లో విమానం కూలి రెండు కాళ్లూ విరగ్గొట్టుకుని కుంటుతూ నడిచేవాడు. ప్రమాదాన్ని తప్పించుకోమని చెప్పడం కాదు, అందులోకి కావాలని దిగి బయటపడటం నేర్పాలన్నాడు. ఆవ్రో 504లో ఇద్దరికీ కంట్రోళ్లు పెట్టి గిరికీలు కొట్టించాడు. మాట కోసం ఒక రబ్బరు గొట్టం అమర్చారు. ఒక కొస శిక్షకుడి నోటి దగ్గర, రెండో కొస చీలి శిష్యుడి హెల్మెట్ చెవుల్లోకి. గాస్‌పోర్ట్ గొట్టం అని పేరు. ఇంత పొడుగు గొట్టం చేసిన మేలు ఎన్నో నియమావళులు చేయలేదు. చలి ఆపడానికి కుట్టిన తోలు టోపీ దీనితో పాఠం వినే సాధనమైంది. రెండో ప్రపంచ యుద్ధంలో మన బేగంపేటలో ఎలిమెంటరీ ఫ్లయింగ్ స్కూలు పెట్టి టైగర్ మాత్‌ల మీద కుర్రాళ్లకు నేర్పిన రోజుల్లోనూ ముందు సీటు గురువుగారి తిట్లు వెనక సీటు శిష్యుడి చెవిలో పడింది ఇలాంటి గొట్టంలోంచే.

మనవాళ్ల సొంత దళం కథ 1930లో ఇంగ్లండ్‌లోని క్రాన్‌వెల్‌లో మొదలైంది. అక్కడికి ఆరుగురు భారతీయులు శిక్షణకు వెళ్లారు. 1932 అక్టోబరు 8న ఏర్పడిన భారత వైమానిక దళానికి వాళ్లే పునాది. వాళ్లలో సుబ్రతో ముఖర్జీ తరువాత దళాధిపతి అయ్యారు. ఆరో మనిషి జె.ఎన్. టాండన్ మాత్రం ఎత్తు చాలక పైలట్ కాలేకపోయాడు, సామగ్రి విభాగానికి వెళ్లాడు. ఈ ఒక్క పేరు దగ్గర కాస్త ఆగాలి. హర్దిత్ సింగ్ తలకు తగ్గ హెల్మెట్ చేయించుకోగలిగాడు. టాండన్ తన కాళ్లకు తగ్గ కాక్‌పిట్ చేయించుకోలేడు కదా! మనిషికి బట్టను సరిచేసే కాలం పోయి, యంత్రానికి మనిషి సరిపోవాల్సిన కాలం వచ్చింది.

దర్జీకి మళ్లీ పని పడింది వేగంతో. విమానం గట్టిగా మలుపు తిరిగితే రక్తం తల నుంచి కాళ్లలోకి జారి పైలట్ కళ్లు చీకట్లు కమ్ముతాయి. కెనడాలో డాక్టర్ విల్బర్ ఫ్రాంక్స్ కాళ్లను, పొట్టను నీటితో బిగించే సూటు చేశారు. 1940లో తనే తొడుక్కుని విమానంలో పరీక్షించుకున్నారు. దర్జీ కొలతలు తీసింది ఆయన నిలబడి ఉండగా, ఎగరడం కూర్చుని. మలుపు తిరగ్గానే సూటు తనను రెండు ముక్కలు చేసేస్తుందేమో అనిపించిందట. తరువాత నీటి బదులు గాలి వచ్చింది. అమెరికాలో ఆ పనిలో దిగినవాళ్లలో ఒకడైన డేవిడ్ క్లార్క్ ఆడవాళ్ల లోదుస్తులు నేసే వ్యాపారి. ఒంటిని బిగించే గుడ్డ గురించి అతనికి తెలిసినంత ఇంజనీర్లకేం తెలుసు?

మరి సైజులు? 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్లను కొలిచింది. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువకుడు పది ముఖ్యమైన కొలతలు తీసుకుని, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్లెందరో లెక్కేశాడు. ఒక్కడూ లేడు. చెయ్యి సగటైతే ఛాతీ కాదు, ఛాతీ సగటైతే కాలు కాదు. సగటు మనిషి కోసం చేసిన కాక్‌పిట్ ఎవరికీ సరిపోదని అప్పుడు తేలింది. ముందుకూ వెనక్కూ జరిగే సీట్లు, పెడళ్లు, బిగించుకునే పట్టీలు ఆ లెక్కతోనే బలపడ్డాయి.

సీటు జరిగినా దానికీ ఒక హద్దు ఉంది. భారత వైమానిక దళం ప్రకటనల్లో పైలట్‌కు ఏళ్లుగా కనిపించే కొలతలు ఇవి: ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు, కాలి పొడవు 99 నుంచి 120, కూర్చున్న ఎత్తు 81.5 నుంచి 96, తొడ పొడవు 64కు మించకూడదు. కాలు కురచైతే పెడల్ అందదు. కూర్చున్న ఎత్తు మించితే హెల్మెట్ పైకప్పుకు తగులుతుంది. తొడ పొడుగైతే, ఆపదలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటు పైకి ఎగిసే క్షణంలో మోకాలు ఎదుటి అంచుకు కొట్టుకుంటుంది. వీటితో పాటు పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంది. చేత్తో స్టిక్, కాళ్లతో పెడళ్లు పట్టి తెరమీద కదిలే చుక్కను అదుపులో పెట్టాలి. మధ్యలో దీపాలు వెలుగుతాయి, శబ్దాలు మోగుతాయి, వాటికీ జవాబివ్వాలి. జీవితంలో ఒక్కసారే అవకాశం. తప్పితే మోటారుసైకిలు అమ్మినా మళ్లీ రానివ్వరు.

నెగ్గినవాళ్లు వచ్చేది హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ అకాడమీకి. పిలాటస్ విమానం మీద తొలి పాఠాలు. అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న దేశంలో తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా హోదా అందుకున్నది అక్కడే. కొలత తప్పినవాళ్లకు గ్రౌండ్ డ్యూటీ శాఖలు ఉన్నాయి. టాండన్ వెళ్లిన దారి అదే.