గండికోట ఫిరంగి నుంచి ఫార్ములా మారుతి దాకా: ఒక బోరు కథ

ఈ ఎపిసోడ్ రేస్ కార్ ఇంజిన్ల గురించి. థంబ్‌నెయిల్ చూసి ఫెరారీ సౌండ్ వస్తుందని వచ్చినోళ్లు కొంచెం ఓపిక పట్టండి. మనం ముందు పొలం గట్టు మీదికి పోవాలి.

మన కడప జిల్లాలో ఏ చీనీ తోటకైనా పోండి. బోరులో దించిన మోటార్ మీద టెక్స్‌మో అనో, సీఆర్ఐ అనో పేరు ఉండే ఛాన్స్ చాలా ఎక్కువ. రెండూ కోయంబత్తూరు కంపెనీలే. ఇప్పుడు ఇంకో విషయం వినండి. మన దేశంలో తక్కువ ఖర్చుతో రేస్ కార్లు కట్టి, కుర్రోళ్లను అందులో కూర్చోబెట్టి, చివరికి ఫార్ములా వన్ దాకా పంపించిన ఊరు ఏది? అదే కోయంబత్తూరు. ఆ పని మొదలుపెట్టిన మనిషి తెలుగు మూలాలున్న కుటుంబం వాడు. పేరు సుందరం కరివర్ధన్.

తెలుగోళ్లు అక్కడికెట్లా పోయినారు? విజయనగర కాలంలో నాయకులతో పాటు కొందరు, రాజ్యం చెదిరిపోయినాక ఇంకొందరు దక్షిణానికి దిగినారు. మన గండికోటను పెమ్మసాని నాయకులు ఏలినారు కదా. 1650ల మొదట్లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఆ కోట తీసుకున్నాడు. తమిళనాడులో స్థిరపడిన కొన్ని పాత జమీందారీ కుటుంబాలు ఇప్పటికీ తమ మూలం గండికోట అనే చెప్పుకుంటాయి.

గండికోట పేరు ఎత్తినాం కాబట్టి ఒక చిన్న పిట్టకథ. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచ్ వ్యాపారి అక్కడికొచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. కోటలో ఇంకో ఫ్రెంచాయన, క్లోడ్ మాయ్, ఫిరంగులు పోత పోసే పనిలో ఉన్నాడట. గుళ్లలోని లోహ విగ్రహాలు తెచ్చి కరిగించమన్నారు. కొన్ని ఎంతకీ కరగలేదని టావెర్నియర్ రాసుకున్నాడు. ఈ కథ ఎందుకు చెప్తున్నానంటే, ఫిరంగి గొట్టానికీ కార్ ఇంజిన్‌కీ నిజంగా చుట్టరికం ఉంది. ఇంగ్లాండ్‌లో జాన్ విల్కిన్సన్ 1774లో ఫిరంగులు తొలిచే మెషిన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. జేమ్స్ వాట్‌కు అప్పటికి కొన్నేళ్లుగా ఒకటే తలనొప్పి. ఆవిరి ఇంజిన్ సిలిండర్ గుండ్రంగా రాదు, సందుల్లోంచి ఆవిరి పోతుంది. విల్కిన్సన్ తొలిచి ఇచ్చిన సిలిండర్లతోనే ఆ ఇంజిన్ దారిన పడింది. మన మెకానిక్ అన్న "ఇంజిన్ బోరుకొచ్చింది" అంటాడే, ఆ బోరు అక్కడిది.

సరే, కోయంబత్తూరుకి పోదాం. చుట్టూ నల్లరేగడి, పత్తి పంట. 1930లలో నీలగిరుల్లోని పైకారా నుంచి జలవిద్యుత్ వచ్చింది. మిల్లులు వరస కట్టినాయి. మిల్లు ఉందంటే స్పేర్ పార్టులు కావాలి. స్పేర్ పార్టులంటే ఫౌండ్రీలు, లేత్‌లు, ప్యాటర్న్ చెక్కేవాళ్లు. కాలేజీ, గవర్నమెంట్ స్కీమ్ ఏదైనా చెప్పండి, ఒక ఊర్లో వంద లేత్ షాపులు ఉంటే పుట్టే తెలివి వేరు. ఇది నా అభిప్రాయం. బీటెక్ నాలుగేళ్లు చదివినోడిగానే చెప్తున్నా.

ఆ ఊరి మొదటి హీరో జీ.డీ. నాయుడు. 1893లో కలంగల్ అనే పల్లెలో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టినాడు. 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచి, పళని మధ్య సర్వీస్ మొదలుపెట్టినాడు. 1937లో ఆయన ఫ్యాక్టరీలోనే బాలసుందరం నాయుడు దేశంలో తొలి స్వదేశీ ఎలక్ట్రిక్ మోటార్ తయారు చేశాడు. మీ తోటలో తిరిగే మోటార్‌కి ముత్తాత అది. 1952లో రెండు సీట్ల పెట్రోల్ కార్ కట్టి, 2,000 రూపాయలకు అమ్ముతానన్నాడు. సర్కారు లైసెన్స్ ఇవ్వలేదు. అంతే, కార్ అక్కడే ఆగిపోయింది.

ఈ లైసెన్స్ అన్న మాట గుర్తుపెట్టుకోండి. రేసింగ్ కష్టమంతా దాంట్లోనే ఉంది. అప్పట్లో దేశంలో దొరికేవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. పార్టులు బయట నుంచి తెప్పించాలంటే దిగుమతి ఆంక్షలు. అయినా రేసులు ఆగలేదు. మద్రాస్ నుంచి నెల్లూరు వచ్చే దారిలో షోలవరం ఉంది కదా, అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే. దాని మీదే రేసులు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నడిపేది. ఆ రన్‌వే మీద పేరు తెచ్చుకున్నోళ్లలో కరివర్ధన్ ఒకడు. 1954లో పుట్టినాడు. లక్ష్మీ మిల్స్ కుటుంబం. డబ్బుకు కొదవ లేదు. కావాలంటే ఒక కార్ దిగుమతి చేసుకుని, కప్పులు గెల్చుకుని ఇంట్లో పెట్టుకోవచ్చు. ఆయన అట్లా సరిపెట్టుకోలేదు.

1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ. బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 72. పవర్ దగ్గరదగ్గర 37 హార్స్‌పవర్. నవ్వొస్తుంది కదా? కానీ ఆ ఇంజిన్ తేలిక. పార్టులు ఊరూరా దొరుకుతాయి. 1980ల చివర్లో కరివర్ధన్ దాన్ని ఒంటి సీటు కార్‌లో, డ్రైవర్ వీపు వెనకాల పెట్టినాడు. అదే ఫార్ములా మారుతి. అందరికీ ఒకే రకం బండి, ఒకే రకం ఇంజిన్. ఎవని జేబు పెద్దదో కాదు, ఎవని చేయి గట్టిదో తేలాలి. నన్నడిగితే ఈ కథ మొత్తంలో గొప్ప ఇంజనీరింగ్ నిర్ణయం ఇదే.

ఇప్పుడు కొంచెం లెక్కలు, స్కిప్ చేయొద్దు. మామూలు ఇంజిన్‌ను రేస్ ఇంజిన్ చేయాలంటే ఏం చేస్తారు? మొదటిది, హెడ్ ఫేసింగ్. ఒక సిలిండర్ దాదాపు 265 సీసీ. కంప్రెషన్ రేషియో 8.7 అనుకుంటే, పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే చోటు సుమారు 34.5 సీసీ. హెడ్‌ను అర మిల్లీమీటర్ చెక్కితే ఆ చోటు రెండు సీసీల దాకా తగ్గుతుంది. రేషియో 9.1కి చేరుతుంది. అర మిల్లీమీటర్‌తోనే! అందుకే లేత్ మీద చేయి కుదురుగా ఉండాలంటారు. ఎక్కువ చెక్కితే పెట్రోల్ తనంతట తనే అంటుకుంటుంది, నాకింగ్ మొదలు, పిస్టన్‌కి బొక్క. పాతకాలం గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. మన పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లిలో తవ్వినారే, అదే రకం ఖనిజం. ఊపిరితిత్తులకు ప్రాణాంతకం అని తేలాక వాడకం మానేశారు.

రెండోది ఆర్‌పీఎం. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణిస్తే పవర్. మారుతి ఇంజిన్ 5,000 దగ్గర 37 హార్స్‌పవర్ ఇస్తుందంటే, అప్పుడు టార్క్ సుమారు 53 న్యూటన్ మీటర్లు. అదే టార్క్ 7,000 దాకా నిలబెట్టగలిగితే పవర్ 52 అవుతుంది. చెప్పడం సులువు. అంత స్పీడ్‌లో గాలి సరిపోదు, వాల్వ్ స్ప్రింగులు తేలిపోతాయి, క్రాంక్ అదురుతుంది. ఒక్కొక్క రోగానికి ఒక్కొక్క మందు. పోర్టులు నున్నగా రుద్దాలి, క్యామ్ మార్చాలి, పిస్టన్లను గ్రాము తేడా లేకుండా తూచాలి.

మరి పెరిగిందని ఎట్లా తెలుస్తుంది? దానికి డైనమోమీటర్ కావాలి. ఇంజిన్‌ను బిగించి, తిరుగుతుండగా బ్రేక్ వేసి, ఎంత గట్టిగా తోస్తోందో కొలిచే మెషిన్. 1870లలోనే విలియం ఫ్రూడ్ నీళ్లతో పనిచేసే బ్రేక్ కనిపెట్టినాడు. అది లేని చోట ఏ ట్యూనర్ అయినా చేసేది ఒకటే. ఫుల్ థ్రాటిల్‌లో తోలి, ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ విప్పి రంగు చూస్తాడు. తెల్లగా కాలితే పెట్రోల్ తక్కువ, నల్లగా మసి పడితే ఎక్కువ, ఇటుక రంగు ఉంటే సరే. జెట్ మార్చి మళ్లీ తోలడం. మేం సాఫ్ట్‌వేర్‌లో ప్రొడక్షన్‌లో టెస్ట్ చేయకండ్రా అని తిట్టుకుంటాం. షోలవరంలో ప్రొడక్షన్ తప్ప వేరే సర్వర్ లేదు.

డైనో ఉంటే మాత్రం అన్నీ దొరుకుతాయా? దొరకవు. ఇంగ్లాండ్‌లో కాస్‌వర్త్ కంపెనీ. ఫోర్డ్ 1,00,000 పౌండ్లు ఇచ్చింది. కీత్ డక్‌వర్త్ మూడు లీటర్ల వీ8 గీశాడు, దాని పేరే డీఎఫ్‌వీ. 400 హార్స్‌పవర్ పైమాటే. 1967 జూన్ 4న హాలండ్‌లోని జాండ్‌వోర్ట్‌లో మొదటి రేసు. లోటస్ బండ్లు రెండు. జిమ్ క్లార్క్ గెలిచేశాడు. అందరికీ ఆ గెలుపే గుర్తు. కానీ పోల్ పొజిషన్‌లో మొదలైన రెండో బండి, గ్రాహం హిల్‌ది, మధ్యలోనే ఆగిపోయింది. క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే గేర్ల పళ్లు విరిగిపోయినాయి. క్రాంక్ అదురు గేర్ల మీద పడి, లెక్కలో వేసుకున్న దానికంటే ఎన్నో రెట్లు లోడ్ వస్తోంది. డక్‌వర్త్ ఏం చేశాడు? గేర్‌ను ఇంకా లావు చేయలేదు. గేర్ మధ్యలో సన్నని కడ్డీలు పెట్టినాడు. అవి కొంచెం మెలితిరిగి అదురును మింగేస్తాయి. గట్టిదనం బదులు కాస్త వంగే గుణం ఇచ్చినాడు. ఆ ఇంజిన్ కుటుంబం 1983 దాకా 155 గ్రాండ్ ప్రీలు గెలిచింది.

కరివర్ధన్‌కు అంత టైమ్ దొరకలేదు. 1995 ఆగస్టు 24న విమాన ప్రమాదంలో పోయినాడు. 41 ఏళ్లు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళెంలో 2003లో మొదలైన రేస్ ట్రాక్‌కు ఆయన పేరే పెట్టినారు, కారి మోటార్ స్పీడ్‌వే.

ఆ ఊరి పిల్లోడే నరైన్ కార్తికేయన్. నాన్న జీ.ఆర్. కార్తికేయన్ ర్యాలీ ఛాంపియన్. అయినా నరైన్ మొదటి రేసు తోలింది శ్రీపెరుంబుదూరులో, ఫార్ములా మారుతిలో. తొలి రేసులోనే పోడియం ఎక్కినాడు. వీపు వెనకాల ఉన్నది మన 796 సీసీ ఇంజినే. 2005లో మెల్‌బోర్న్‌లో జోర్డాన్ కార్ ఎక్కినప్పుడు అదే చోట టయోటా వీ10, దాదాపు 900 హార్స్‌పవర్. ఆ రోజు 15వ స్థానం. 2011 అక్టోబర్ 30న, గ్రేటర్ నోయిడాలో, ఇండియాలో జరిగిన మొదటి ఫార్ములా వన్ రేసు. నరైన్ హెచ్‌ఆర్‌టీ కార్‌లో 17వ వాడిగా ఫినిష్ చేశాడు. టీమ్ చిన్నది, డబ్బులు తక్కువ, బండి నెమ్మది. కానీ ఇంజిన్ మూత మీద పేరు చదవండి: కాస్‌వర్త్.