ప్లేగు మీద పద్యం రాయని పంతులమ్మ

పోయిన నెల మన సంఘం గదిలో పాత పెట్టెలు సర్దుతుంటే ఒక నోటుబుక్కు దొరికింది. ముంబయి మునిసిపల్ తెలుగు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మన టీచరమ్మ 2020 లాక్‌డౌన్‌లో రాసుకున్న కవితలు అవి. ప్రతి కవిత పైనా ఆ రోజు టీవీలో చెప్పిన అంకె ఉంది. దాని కింద మన చాళ్‌లో తలుపులు మూసుకున్న ఇళ్ళు, అంబులెన్సు చప్పుడు, మూటలు నెత్తిన పెట్టుకుని ఊరికి నడిచిపోయిన కూలీలు. ఒక పేజీలో కూడిక లెక్కలాగా అంకెలు ఒకదాని కింద ఒకటి పేర్చి, కింద గీత గీసి, జవాబు రాయకుండా వదిలేశారు. నలభై ఏళ్ళు పిల్లలచేత జవాబులు రాయించిన మనిషి!

అది చదివాక మాలో మాకు ఒక ప్రశ్న వచ్చింది. ఇదే బొంబాయి, పూనా 1896-97లో ప్లేగు చూశాయి కదా, అప్పటి పంతుళ్ళు ఎవరైనా కవిత్వం రాశారా? వెతగ్గా వెతగ్గా సావిత్రీబాయి ఫూలే దగ్గర ఆగాం.

ఆమె 1848లో పూనాలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పిన సంగతి అందరికీ తెలుసు. ఆమె కవయిత్రి అని మాత్రం మనలో చాలామందికి తెలియదు. 1854లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ‘కావ్యఫూలే’ అనే మరాఠీ పుస్తకం అచ్చువేయించారు. అందులో పువ్వుల మీద పద్యాలున్నాయి, చదువుకోమని శూద్రులకు చెప్పే పద్యాలున్నాయి. పంతులమ్మ కవిత్వమే, బడిలో పిల్లలకు చెప్పినట్టే ఉంటుంది. తర్వాత జోతీరావు జీవితం మీద ‘బావన్‌కశీ సుబోధ రత్నాకర్’ రాశారు.

ఆమెకు మనతో సంబంధం ఏమిటని అడిగేవాళ్ళుంటారు. ఉంది. 1873 సెప్టెంబరు 24న పూనాలో సత్యశోధక సమాజం పుట్టింది. బొంబాయిలో దానికి అండగా నిలిచినవాళ్ళలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు కాళేవార్ వంటి తెలుగువాళ్ళున్నారు. నిజాం ఇలాకా నుంచి వచ్చి, ఈ ఊళ్ళో రాళ్ళు మోసి, ఇళ్ళు కట్టి, కొందరు కంట్రాక్టర్లయిన మన కామాఠీల కాలం అది. మన పేరుమీద కామాఠీపురా అనే పేటే ఉంది (ఆ పేరు చెబితే జనం ఇప్పుడేం అనుకుంటారో వేరే కథ, దాని గురించి ఇంకోసారి రాస్తాం). 1890లో జోతీరావు పోయాక ఆ సమాజాన్ని నడిపించింది సావిత్రీబాయే. 1893లో సాస్వడ్ సభకు అధ్యక్షత వహించిందీ ఆమే. అంటే ఆమె మన పెద్దలకు వదినమ్మలాంటిది, పరాయి మనిషి కాదు.

ప్లేగు మొదట బయటపడింది బొంబాయి రేవు పక్కనున్న మాండ్వీలో. 1896 సెప్టెంబరులో డాక్టర్ వీగాస్ దాన్ని గుర్తుపట్టారు. జనం లక్షల్లో ఊరు వదిలారు. మన పక్కనే బైకల్లాలో, గ్రాంట్ మెడికల్ కాలేజీలో, హాఫ్‌కిన్ టీకా తయారుచేసి 1897 జనవరి 10న మొదట తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. ఫిబ్రవరి 4న ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. 2020లో మనల్ని ఇంట్లో కూర్చోబెట్టింది కూడా ఆ చట్టమే! ఇళ్ళ సోదాలు, రైళ్ళ దగ్గర తనిఖీలు, రోగుల్ని విడిగా పెట్టే క్యాంపులు మొదలయ్యాయి. క్యాంపుకి పట్టుకుపోతారన్న భయంతో జనం రోగుల్ని ఇంట్లోనే దాచిపెట్టేవారు.

పూనా ప్లేగు అనగానే చరిత్ర పుస్తకాల్లో వచ్చేది రాండ్ అనే అధికారి పేరు. సోదాలు చేయించినవాడు. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు అతన్ని కాల్చారు. ఆ కథ బడిపిల్లలకు కూడా తెలుసు. దానికి మూడు నెలల ముందు జరిగింది మాత్రం చాలామందికి తెలియదు.

సావిత్రీబాయి పెంపుడు కొడుకు యశ్వంత్ డాక్టరు. ఆయన్ని పిలిపించి పూనా బయట హడప్సర్ వైపు ఖాళీ జాగాలో రోగుల కోసం ఆస్పత్రి పెట్టించారు. రోగుల్ని తీసుకురావడానికి ఆమే వెళ్ళేవారు. ముండ్వా ఊరి బయట మహర్‌వాడలో గైక్వాడ్ ఇంటి పిల్లాడికి ప్లేగు వచ్చిందని తెలిసి, వాణ్ణి వీపున వేసుకుని మోసుకొచ్చారని చెబుతారు. అరవై ఆరేళ్ళ మనిషి. అంటరానివాళ్ళ పిల్లాణ్ణి మామూలు రోజుల్లోనే ఎవరూ ముట్టుకోని కాలం, ఆపైన ప్లేగు. ఆ జబ్బే ఆమెకు అంటుకుంది. 1897 మార్చి 10న పోయారు.

ప్లేగు మీద ఆమె రాసిన పద్యం మాకు దొరకలేదు. ఆమె పుస్తకాలు రెండూ ప్లేగు రాకముందువే. రాయడం చేతకాక కాదు. 1877 కరువులో జున్నర్ వైపు తిరుగుతూ జోతీరావుకు రాసిన ఉత్తరం ఉంది, మనుషులూ పశువులూ ఎలా కూలిపోతున్నారో అందులో కళ్ళకు కట్టినట్టు రాశారు. కరువు ఉత్తరం రాసుకునే వ్యవధి ఇచ్చింది, ప్లేగు అది ఇవ్వలేదు అనుకుంటాం మేము. మాలో ఒకాయన ఒప్పుకోలేదు. “ఆ పిల్లాణ్ణి మోయడం కన్నా పద్యం ఏముంటుంది” అన్నారు. వినడానికి బాగుంది కానీ మాకు ఆ మాట సరిపోలేదు. మోసినవాళ్ళు రాయకపోతే మిగిలేది సర్కారు రిపోర్టే. అందులో మన కామాఠీలు అంకెలుగా తప్ప కనబడరు. పేరుండదు, ఊరుండదు.

మన టీచరమ్మను అడిగాం, ఆ చివరి లెక్కకు జవాబు ఇప్పుడైనా రాస్తారా అని. నవ్వి, “ఆ పేజీ అలాగే ఉండనియ్యండి” అన్నారు. నోటుబుక్కు మొత్తం ఫొటోలు తీస్తున్నాం, వచ్చే ఆదివారం సంఘంలో ఆమే చదువుతారు. మీ ఇళ్ళల్లో తాతలు, నాయనమ్మలు ప్లేగు రోజుల గురించి చెప్పిన పాటగానీ, కథగానీ, ఒక్క మాటగానీ గుర్తుంటే రాసి పట్టుకురండి. మరాఠీలో ఉన్నా ఫరవాలేదు.