బీడీ కట్ట మీద లేని అక్షరాలు

చదువు పెరిగేకొద్దీ పొగతాగడం తగ్గుతుందనే మాట సర్వేలన్నింటిలో కనిపిస్తుంది. మన దేశంలో 2009-10లో, మళ్ళీ 2016-17లో జరిగిన పొగాకు సర్వేలు రెండూ అదే చెప్పాయి: బడి మొహం చూడనివాళ్ళలో వాడకం ఎక్కువ. లెక్కలో తప్పులేదు. దాన్ని చదివే తీరులోనే కులం బుద్ధి ఉంది. "చదువులేనోళ్ళు, చెప్పినా వినరు" అని డాక్టర్లు, మేష్టార్లు, ఆఖరికి మన ఉద్యోగస్తులు కూడా అంటుంటారు. అసలు వాళ్ళకి ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు?

ఈ తేడాకి ఒక చరిత్ర ఉంది. బ్రిటన్‌లో డాల్, హిల్ అనే పరిశోధకులు 1950లో సిగరెట్టుకీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న లంకెను చూపించారు. 1951లో డాక్టర్లకే ఉత్తరాలు రాసి, ఎవరెంత తాగుతారో అడిగి, వాళ్ళ చావులను ఏళ్ళ తరబడి లెక్కబెట్టారు. కబురు ముందు అందింది డాక్టర్లకి. ముందు మానిందీ వాళ్ళే. అమెరికాలో 1964 సర్జన్ జనరల్ నివేదిక దాకా కాలేజీ చదివినవాడికీ చదవనివాడికీ పొగ దగ్గర పెద్ద తేడా లేదు. నివేదిక వచ్చాక చదువుకున్నవాళ్ళు గబగబా మానారు, అంతరం అక్కణ్ణించి పెరిగింది.

మన దగ్గర 1975లో సిగరెట్ల చట్టం వచ్చింది. ప్యాకెట్ మీద ఆరోగ్యానికి హానికరమని అచ్చువేయాలన్నారు, అదీ ప్యాకెట్ మీద ఏ భాష ఉంటే ఆ భాషలో. సిగరెట్ ప్యాకెట్ మీద ఉండేది ఇంగ్లీషు. బీడీకీ, చుట్టకీ ఆ చట్టమే వర్తించలేదు. 1971 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద షెడ్యూల్డు కులాల్లో అక్షరాస్యులు నూటికి 15 మంది లేరు. ఆడవాళ్ళయితే ఏడుగురు కూడా లేరు. బాబు తాగే పొగ మీద హెచ్చరిక ఉంది, కూలోడి పొగ మీద లేదు! బీడీ కట్టకు హెచ్చరిక తప్పనిసరి చేసిన చట్టం 2003లో గానీ రాలేదు. బొమ్మ పడేసరికి 2009 మే 31.

చదువులేనివాళ్ళు వినరన్నది కూడా నిజం కాదు. శ్రీకాకుళం పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళు, చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టి కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. అంగిలి కాలి పుండ్లు పడతాయి, క్యాన్సర్ వస్తుంది. అక్కడ 10,169 మంది గ్రామస్తుల్ని పరీక్షించిన పరిశోధన 1971లో అచ్చయింది. తర్వాత శ్రీకాకుళంతోపాటు ఎర్నాకుళం, భావనగర్‌లలో పొగాకు వాడే 36 వేలమందికి పైగా జనం దగ్గరికి ఏటా ఇంటింటికీ పోయి, నోరు చూసి, మానమని మాట్లాడారు. ఐదేళ్ళకి, మూడు ప్రాంతాల్లో రెండింట, నామమాత్రపు సలహాతో సరిపెట్టిన వాళ్ళకంటే వీళ్ళలో మానినవాళ్ళు, తగ్గించినవాళ్ళు బాగా ఎక్కువని 1986లో ప్రకటించారు. ఇంటికొచ్చి చెబితే విన్నారు గదా!

బొమ్మల సంగతీ అంతే. హెచ్చరిక చూసి మానాలనుకున్న బీడీ తాగేవాళ్ళు 2009-10లో నూటికి 29 మంది. 2016 ఏప్రిల్ నుంచి బొమ్మ ప్యాకెట్‌లో 85 శాతానికి పెరిగింది. ఆ తర్వాతి సర్వేలో వాళ్ళు 54 మంది. అనుకోవడం వేరు, మానడం వేరు. పొద్దస్తమానం ఒళ్ళు విరుచుకునే పనిలో కాసేపు ఆగడానికి బీడీ ఒక్కటే సాకుగా దొరికే మనిషికి మానడం మరీ కష్టం. విడిగా ఒకటీ రెండూ కొనేవాడి చేతికి కట్టే రాదు, ఇంక బొమ్మేం చూస్తాడు?

ఇంకో చిక్కుంది. బీడీ కట్ట మీద 'పుర్రె గుర్తు' అన్నప్పుడు తెలంగాణలో వద్దన్నవాళ్ళలో బీడీలు చుట్టే ఆడవాళ్ళూ ఉన్నారు. నిజామాబాద్, కరీంనగర్ ఇళ్ళల్లో వెయ్యికింతని చుట్టి బతికే మనుషులు వాళ్ళు. కంపెనీలు ఆ భయాన్ని వాడుకున్నాయనడం తేలికే. వేరే పని చూపించకుండా గుర్తు మాత్రం వేస్తామన్న ప్రభుత్వానికి వాళ్ళను తప్పుపట్టే హక్కు లేదు.

వాళ్ళ పిల్లల చదువు కూడా పొగతోనే ముడిపడింది. 1976 చట్టాల కింద బీడీల మీద సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమ నిధిలో వేశారు. పిల్లల స్కాలర్‌షిప్పులు అందులోంచే ఇచ్చారు. ఒక నిరక్షరాస్యుడు కాల్చిన బీడీలోంచి ఇంకో నిరక్షరాస్యురాలి బిడ్డకు పుస్తకాలు! 2017లో జీఎస్టీతో ఆ సెస్సు పోయింది. ఇప్పుడా స్కాలర్‌షిప్పు కేంద్రం బడ్జెట్లో ఎంత పెడితే అంత.