అమ్మ చూపుకు సరిపడా

పెరట్లో రేకుల షెడ్డు. శ్రావణ మాసపు ఉదయం. రాత్రి కురిసిన వాన ఇంకా చూరు నుంచి చుక్కలు చుక్కలుగా రాలుతోంది. చెప్పులతోనే లోపలికి రండి. నేలంతా చిత్రిక పొట్టు, అందులో పాత మేకు ఒకటీ అరా ఉండొచ్చు. గోడవారగా ఉన్నది పని బల్ల. పక్కన నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదలండి. బల్ల అంచు మీ మణికట్టు దగ్గరికి వస్తుంది. చిత్రిక పట్టే మనిషికి ఆ ఎత్తే సుఖం. భుజాల బలానికి ఒంటి బరువు కూడా తోడవుతుంది.

బల్ల మీద టేకు పలక ఉంది. పొడవు 24 అంగుళాలు, వెడల్పు 10. రాజమండ్రిలో పాత ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిన తలుపు రెక్కలోది. ఒకప్పుడు ఏజెన్సీ అడవుల్లో కొట్టిన కలప, వెదురు తెప్పలుగా కట్టి గోదావరి మీద ఈ ఊరికి తెచ్చేవారు. ఈ పలక అలా వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేరు గానీ, దశాబ్దాల ఎండలు, వానలు చూసి ఆరిన చెక్క అని మాత్రం చేత్తో తడితే తెలుస్తుంది. మోత గట్టిగా, పొడిగా ఉంటుంది.

ఈరోజు పని అమ్మకు వ్యాసపీఠం. పోతన భాగవతం సంపుటం బరువైనది. ఒళ్లో పెట్టుకుని చదివితే అరగంటకే ఆమె మెడ పట్టేస్తోంది. బజారులో పీఠాలు దొరుకుతాయి. కానీ అవన్నీ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్ల ఎత్తువి. అమ్మ మోకాళ్లు ఇప్పుడు కిందికి వంగవు. మంచం మీద కూర్చుని, ఎదురుగా స్టూలు మీద పుస్తకం పెట్టుకోవాలి.

"నాన్నా, అయస్కాంతం తేనా?" అంటోంది చిన్నది. ఆరో తరగతి. సెలవు రోజైతే షెడ్డు వదలదు. పాత చెక్క మీద రంపం పెట్టే ముందు చేయాల్సిన మొదటి పని ఇదే. అయస్కాంతాన్ని పలక మీద మెల్లగా జరుపుతోంది. ఒక చోట అది టక్కున అతుక్కుంది. లోపల విరిగిన మేకు మొన. పట్టకారుతో లాగితే తుప్పు పొడితో సహా బయటికొచ్చింది. అది లోపలే ఉండిపోతే రంపం పళ్లు, చిత్రిక అలుగు రెండూ దెబ్బతింటాయి.

ఇప్పుడు చిత్రిక. ముక్కుకు మాస్క్ కట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం కలప ధూళిని మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఇంట్లో పిల్లలుండగా దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మొదటి తోపుకు పైనున్న నల్లటి మురికి, పాత రంగు లేస్తాయి. తర్వాతి తోపుల్లో తేనె రంగు బయటపడుతుంది. టేకులో సహజంగా ఉండే నూనె వాసన షెడ్డంతా నిండుతుంది. పొట్టు చుట్టలు చుట్టలుగా చిత్రిక నోట్లోంచి వస్తోంది. టేకులో ఇసుక లాంటి సిలికా కూడా ఉంటుంది. అందుకే అలుగు త్వరగా మొండిదవుతుంది, మధ్యలో ఆగి సానరాయి మీద నూరుకోవాలి. సాన పట్టే ఆ కొద్దిసేపు పని ఆగినట్టు కాదు. పదునైన అలుగుకు చెయ్యి బలం వాడనక్కర్లేదు, బలం వాడనప్పుడు చెయ్యి జారదు.

పలక అంగుళం మందానికి వచ్చింది. ఇక గీతలు.

వ్యాసపీఠంలో మేకు లేదు, జిగురు లేదు, ఇనుప బందు లేదు. ఒకే పలకలోంచి రెండు రెక్కలు, వాటి మధ్య తిరిగే బందు కూడా అందులోంచే పుట్టాలి. కింది అంచు నుంచి 10 అంగుళాల దగ్గర అడ్డంగా ఒక గీత, దాని పైన అంగుళం దూరంలో రెండో గీత. పలక మందం ఎంతో ఈ రెండు గీతల మధ్య ఎడం అంతే. ఆ పట్టీని వెడల్పున ఐదు భాగాలు చేస్తే ఒక్కోటి 2 అంగుళాలు. ఇవి బందు కణుపులు. 1, 3, 5 కణుపులు పైన ముందు రెక్కకు, కింద వెనక రెక్కకు అంటుకుని ఉంటాయి. 2, 4 దీనికి తిరగబడి ఉంటాయి. చిన్నది పెన్సిలుతో తీసేయాల్సిన చోటల్లా అడ్డగీతలు కొడుతోంది. మూలమట్టం ఆనించి ప్రతి గీతనూ చూస్తున్నాను. ఇక్కడ ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వచ్చినా పీఠం తెరుచుకోదు.

కణుపుల మధ్య నాలుగు గీతలు నిలువుగా కోయాలి. ఒక్కో గీత చివర చిన్న రంధ్రం వేసి, సన్నని రంపం బ్లేడును అందులోంచి దూర్చి దాని ఫ్రేముకు బిగించాలి. రంపం సన్నగా కూస్తోంది. వాన మళ్లీ మొదలైంది, రేకుల మీద చప్పుడుకు మాట వినబడటం లేదు. ఈ తేమలో చెక్క ఉబ్బుతుంది కదా అని మీకు సందేహం రావచ్చు. నిజమే. చెక్క పొడవునా దాదాపు కదలదు, వెడల్పున కదులుతుంది. చెట్టు వలయాల వెంబడి కదలిక, వలయాలకు అడ్డంగా ఉండే కదలికకు సుమారు రెండింతలు. వానాకాలంలో స్నానాల గది తలుపు బిగుసుకుపోయేది అందుకే. అయితే ఈ పీఠం రెక్కలు రెండూ ఒకే పలకలోవి. ఉబ్బినా కుంగినా కలిసే కదులుతాయి. పైగా టేకు కదలిక మిగతా చాలా కలపల కంటే తక్కువ.

ఇప్పుడు ఉలి. గోడకు వేలాడుతున్న ఆ కొయ్యసుత్తి అందుకోండి, బరువుగా లేదూ? అది తుమ్మ చెక్క. ఎడ్లబండి చక్రాలకు వాడిన కలప, దెబ్బకు చీలదు. తలలోని రంధ్రం పైన వెడల్పుగా, కింద ఇరుకుగా తొలిచి, పిడిని పైనుంచి దూర్చాను. కొట్టిన కొద్దీ తల పిడికి బిగుస్తుంది. దాని పక్కనున్న పొట్టి పలక చూశారా, ఒక కొసన కిందివైపు, రెండో కొసన పైవైపు అడ్డపట్టీ ఉంది. కింది పట్టీ బల్ల అంచుకు ఆనుతుంది, పైపట్టీకి చెక్కముక్కను ఆనించి ఎడమ చేత్తో అదిమితే రంపం కింద ముక్క కదలదు. చిన్నదాని చేతికి రంపం ఇచ్చే ముందు దీన్ని చేశాను. ఇంట్లో పనిచేసేవాళ్లు పనిముట్లు కొనుక్కోవడంతో పాటు ఇలాంటివి తమ చేతులకు సరిపడేలా చేసుకోవాలని నా గట్టి నమ్మకం. పిల్లల వేళ్లు భద్రంగా ఉండేది వీటివల్లే.

ఉలిని ఏటవాలుగా పెట్టి, గీత దగ్గర మొదలుపెట్టి మందంలో సగం వరకూ దిగుతున్నాను. కొంచెం కొంచెంగా, పొరలు పొరలుగా. చీలిన ముక్కలు బల్ల మీద పడుతున్నాయి. ఒక ముఖం పూర్తయ్యాక పలక తిప్పి రెండో ముఖం. కణుపు అంచులు గుండ్రంగా వచ్చాయి.

ఇక చెమట పట్టే పని. పలకను వైస్‌లో నిలువుగా బిగించి, మందానికి నడిమధ్యగా పై అంచు నుంచి కణుపుల దాకా చీల్చాలి. ఒక మూల నుంచి కొంత కోసి, పలక తిప్పి రెండో మూల నుంచి కొంత. అలా మార్చి మార్చి కోస్తే రంపం తన గీతలోనే నడుస్తుంది. తర్వాత కింది వైపు. రంపపు పొట్టు చేతుల వెంట్రుకలకు అంటుకుంటోంది. చిన్నది టార్చి పట్టుకుని గీతను చూస్తూ, "ఇంకా వేలెడు" అంటోంది. పళ్లు కణుపుల్ని తాకగానే చేతికి తెలిసిపోతుంది, శబ్దం మారుతుంది.

పలకను బల్ల మీద పెట్టి రెండు రెక్కల మధ్య బొటనవేళ్లు దూర్చాను. మెల్లగా, రెండు వైపులా ఒకే బలంతో. ముందు ఏమీ కదల్లేదు. తర్వాత లోపలెక్కడో మిగిలిన పీచు తెగిన చప్పుడు. రెక్కలు విడిపోయి, కణుపులు ఒకదానిలో ఒకటి తిరిగి, పలక కాస్తా పీఠమై నిలబడింది. చిన్నది దాన్ని మూసి తెరిచి, తెరిచి మూసి, అవతల ఎవరున్నారో కూడా చూడకుండా "నానమ్మా!" అని అరుస్తూ లోపలికి పరిగెత్తింది.

పని ఇంకా పూర్తి కాలేదు. కాళ్లు కావాలనే అంగుళం పొడవుగా ఉంచాను. అమ్మ మంచం మీద కూర్చుంది. స్టూలు మీద పీఠం, దాని మీద భాగవతం. కళ్లద్దాలు పెట్టుకుని, పేజీ తిప్పి, గడ్డం కొంచెం పైకెత్తింది.

"ఎలా ఉందమ్మా?"

"బానే ఉందిరా. అక్షరాలు కొంచెం ఎత్తులో ఉన్నట్టున్నాయి."

పుస్తకం తీసి నా చెయ్యి అడ్డం పెట్టాను. "ఇక్కడా? ఇంకొంచెం కిందికా?" వేళ్లు మెల్లగా దించుతుంటే ఒక చోట ఆమె మెడ తనంతట తానే సర్దుకుంది. అక్కడ పెన్సిల్ గుర్తు. అర అంగుళం పైచిలుకు. షెడ్డులోకి తీసుకెళ్లి రెండు కాళ్ల అడుగు అంచులూ ఒకే ఏటవాలుకు కోసి, శాండ్ పేపరుతో అంచులు నున్నగా చేశాం. అవిసె నూనె పలచగా రాసి గుడ్డతో తుడిచాం. ఆ నూనె గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆరే క్రమంలో దానికదే వేడెక్కి అంటుకోగలదు. తీగ మీద విప్పి ఆరేశాం.

దుకాణంలో పనివాడికి ఈ అర అంగుళం దొరకదు. ఆయన నైపుణ్యం నాకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ పీఠం ముందు కూర్చునే మనిషి ఆయనకు కనబడదు. ఇంటి వడ్రంగానికి ఉన్న అసలు బలం అదే. ఎవరి కోసమో ఆ మనిషి పిలుపు దూరంలో ఉంటారు. అందుకే ఏ పనికైనా చివరి కోత ఆ మనిషిని కూర్చోబెట్టి, నిలబెట్టి చూశాకే పెట్టమంటాను.

నూనె ఆరుతుండగా చిన్నది మూలనున్న చెక్కలు కదుపుతోంది. అక్క మనవడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడు, వాడికి మూడు చక్రాల నడక బండి కావాలి. మామిడికి పురుగు త్వరగా పడుతుంది, వద్దు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు ముక్కలున్నాయి. మెత్తని, సన్నని పోగు. చక్రాలకు అవి సరిపోతాయి. చట్రానికి టేకు. పిడి ఎత్తు ఎంతుండాలి అని అడుగుతోంది.

"వాడి ఛాతీ దాకా. సాయంత్రం అక్కావాళ్లింటికి టేపు పట్టుకుని వెళ్దాం" అన్నాను. అప్పటికే టేపు జేబులో వేసుకుంది.