జపాను యుద్ధమునకు మూలము

1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడ రేవులపై జపానువారి బాంబులు పడినవి. పెద్దలారా, ఎక్కడి జపాను, ఎక్కడి కాకినాడ! ఆ యుద్ధము ఏల పుట్టినదో ఈ పూట మనవి చేసెదను.

1941 డిసెంబరు 7వ తేదీన పెర్ల్ హార్బరుపై జరిగిన దాడితో అది పుట్టినదని పలువురు చెప్పుదురు. నేనట్లు తలపను. నిప్పు పదేండ్లకు ముందే రాజుకొన్నది.

1929లో లోకమంతటను వ్యాపారము కూలినపుడు జపాను పల్లెలు గట్టిదెబ్బ తిన్నవి. అక్కడి రైతుకుటుంబములలో ఇంచుమించు ఐదింట రెండు వంతులు పట్టుపురుగులను పెంచెడివి. ఆ పట్టులో అధికభాగము అమెరికాకు పోయెడిది. పట్టుధర పడిపోయినది, బియ్యపు ధరయు పడిపోయినది. ఈశాన్యమండలమున ఆడుబిడ్డలను అమ్ముకొన్న తండ్రులుండిరి. ధర పడిన యేటి బాధ మన రైతునకు వేరుగ చెప్పవలెనా? ఆ పల్లెల బిడ్డలే సైన్యమున చేరిరి. మన కష్టములకు మంచూరియా భూములే మందని సేనానులు వారికి నూరిపోసిరి. 1931 సెప్టెంబరు 18వ తేదీన ముక్డెన్ దగ్గర రైలుపట్టాలను జపాను సైనికులే పేల్చి, నేరము చైనావారిపై మోపి, మంచూరియాను ఆక్రమించిరి. మంత్రివర్గము ఆజ్ఞ ఇచ్చి చేయించినది కాదు. జరిగిన పిదప తల ఊపినది. నానాజాతిసమితి తప్పుపట్టగా 1933లో జపాను ఆ సమితినుండి వైదొలగెను.

మంత్రులు వారింపలేదా యని అడుగవచ్చును. సైనికవ్యయమునకు కళ్లెము వేయజూచిన ఆర్థికమంత్రి తకహాషి అను వృద్ధుని, 1936 ఫిబ్రవరిలో సైనికోద్యోగులు ఆయన యింటనే చంపిరి. ఆ యేడే, కొలువులోనున్న సేనాని మాత్రమే యుద్ధమంత్రి కావలెనను నిబంధన మరల వచ్చినది. సైన్యము మనిషిని ఈయనిచో మంత్రివర్గము నిలువదు. 1940లో యొనాయి మంత్రివర్గము అట్లే కూలినది.

1937 జూలైలో చైనాపై పెద్దయుద్ధము మొదలైనది. నాన్‌కింగు పట్టుబడినను చాంగ్ కై షేక్ లొంగక లోనాడులకు తరలిపోయెను. జపాను ఊబిలో దిగబడినది. చైనాకు సాయమందు దారులను మూయుటకు 1940లో ఉత్తర ఇండోచైనాలోనికి, మరునాటి యేడు జూలైలో దక్షిణభాగములోనికి సేనలను నడపినది. అమెరికా వెంటనే జపాను సొమ్మును స్తంభింపజేసి, చమురు ఆపివేసెను. జపాను వాడు చమురులో ఇంచుమించు నూటికి ఎనుబది పాళ్లు అమెరికానుండి వచ్చునదే. నిలువ రెండేండ్లకు చాలదు.

చైనానుండి వెనుకకు మరలుడని అమెరికా కోరినది. మరలినచో చనిపోయినవారి ప్రాణములు వ్యర్థమగునని సైన్యము పట్టుపట్టెను. నా తలపున మూలమిదియే. చమురు ముహూర్తమును మాత్రము నిర్ణయించినది. 1941 అక్టోబరులో కొనోయె తప్పుకొనగా, యుద్ధమంత్రి టోజో ప్రధాని యయ్యెను. డచ్చివారి సుమత్రాలోను, బోర్నియోలోను చమురు కలదు. దారిలో ఆంగ్లేయుల సింగపూరు, అమెరికావారి ఫిలిప్పీను దీవులు కలవు. అందుచేతనే దెబ్బ ఒక్కసారిగా అన్నింటిపై పడినది. ఆసియాను విడిపింప వచ్చితిమని జపాను చాటుకొన్నది; 1910లో కొరియాను మ్రింగినవారును వారే.

1942 ఫిబ్రవరిలో సుమత్రాలోని పాలెంబాంగు చమురు జపాను చేజిక్కినది. చైనాలో మాత్రము వారి సేనలు 1945 ఆగస్టువరకు ఆ ఊబిలోనే యుండెను.