రూబార్బ్ తోటలోంచి రేసు రోడ్డు మీదికి

గోంగూర దొరకని ఊళ్ళో కాపురం పెట్టినవాళ్ళకి రూబార్బ్ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ ఎర్రటి కాడలు తరిగి పప్పులో వేసినా, పచ్చడి నూరినా, నాలుక్కి పులుపు తగిలి ప్రాణం లేచొస్తుంది (ఆకులు మాత్రం విషం, పారేయాల్సిందే). ఇంగ్లండ్‌లో రూబార్బ్‌కి పేరుపడ్డ చోటు యార్క్‌షైర్‌లో, లీడ్స్, వేక్‌ఫీల్డ్ ఊళ్ళ దగ్గర ఉంది. చలికాలంలో చీకటి షెడ్లలో పెంచి, కొవ్వొత్తి వెలుగులో కోస్తారు. అక్కడి ఒక తోటలో మట్టి తవ్వుతూ, బరువులెత్తుతూ కూలికి పనిచేసిన ఒక ఇల్లాలి చరిత్ర ఈసారి చెప్తాను. ఆవిడ పేరు బెరిల్ బర్టన్. సైకిల్ పందెంలో మగవాళ్ళ రికార్డునే దాటేసిన మనిషి.

బెరిల్ 1937లో లీడ్స్‌లో పుట్టింది. పదేళ్ళు దాటగానే పెద్ద జబ్బు చేసింది. రుమాటిక్ జ్వరం, దానితోపాటు చేతులూ కాళ్ళూ వాటంతటవే ఎగిరిపడే కొరియా. రుమాటిక్ జ్వరమంటే నర్సులకి తెలుసు కదా, కీళ్ళ నొప్పులతో మొదలై గుండె కవాటాల దాకా పోతుంది. నెలల తరబడి ఆసుపత్రి, ఆ తర్వాత ఇంటికి దూరంగా కోలుకునే నిలయం. ఒళ్ళు అలిసే పనులేవీ చెయ్యొద్దని డాక్టర్లు చెప్పి పంపారు. అలాంటి పిల్లని మన ఇళ్ళలో అయితే ఏం చేసేవాళ్ళమో ఒక్కసారి ఆలోచించండి. మెట్లు కూడా ఎక్కనిచ్చేవాళ్ళం కాదు!

పనిలో చేరాక చార్లీ బర్టన్ పరిచయమయ్యాడు. అతనికి సైకిల్ అంటే ప్రాణం. ఆదివారాల్లో క్లబ్బు వాళ్ళతో వెళ్తూ ఈమెనీ తీసుకెళ్ళాడు. మొదట్లో ఆయాసపడుతూ వెనకబడిపోయేది, చార్లీ పక్కనే ఉండి తోసుకుంటూ ముందుకు నడిపించేవాడు. 1955లో పెళ్ళి, 1956లో కూతురు డెనీస్. చాలామందికి ఆటలు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. బెరిల్‌కి అక్కడే మొదలైంది.

ఈమె ఎక్కువగా గెలిచిన పందెం ఎలాంటిదో కొంచెం చెప్పాలి. 1890ల్లో ఇంగ్లండ్ రోడ్ల మీద గుంపుగా సైకిల్ పందేలు పెడితే గుర్రబ్బండ్లకి అడ్డమని గొడవలయ్యేవి, పోలీసులు పట్టుకునేవాళ్ళు. అప్పుడు బిడ్‌లేక్ అనే ఆయన 1895లో ఒక ఉపాయం తీసుకొచ్చాడు. ఒక్కొక్కరిని ఒక్కో నిమిషం తేడాతో వదలాలి, పోటీ పక్కవాడితో కాదు, గడియారంతో. తెల్లవారుజామున, నల్లబట్టల్లో, రోడ్డు పేరు చెప్పకుండా గుర్తు సంకేతాలతో జరిపేవాళ్ళు. ఒకరి వెనక ఒకరు గాలి చాటున నక్కి తొక్కడానికి వీల్లేదు. ఎవరి కాళ్ళు వాళ్ళవే. దీన్ని టైమ్ ట్రయల్ అంటారు. వారమంతా ఫ్యాక్టరీలోనో తోటలోనో పనిచేసేవాళ్ళు ఆదివారం పొద్దున్నే వెళ్ళి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చే వీలుండేది. ఆడవాళ్ళూ ఊరుకోలేదు. రాస్లిన్ లేడీస్ అనే ఆడవాళ్ళ సైకిల్ క్లబ్బు 1922లోనే పెట్టుకున్నారు.

ఇక సాధన. బెరిల్‌కి కోచ్ లేడు, జిమ్ లేదు, జీతమిచ్చే జట్టు లేదు. మోర్లీ పట్టణంలో నిమ్ కార్లైన్ అనే ఆయన రూబార్బ్ తోటలో పని. ఆయన కూడా సైకిల్ పందేల మనిషే, 24 గంటల పోటీల్లో ఛాంపియన్. పగలంతా పారతో తవ్వడం, వంగి కోయడం, మోయడం. నడుమూ భుజాలూ అక్కడ గట్టిపడ్డాయి. గంటల తరబడి హ్యాండిల్ మీద వంగి ఉండాలంటే కాళ్ళ బలం ఒక్కటే చాలదు, నడుము నిలవాలి. తొక్కడం మాత్రం వేరే చేసేది. వానైనా, మంచైనా క్లబ్బులో మగవాళ్ళతో సమానంగా వందల మైళ్ళు. తోటపని చేశాను కదా, ఇంటిపని చేశాను కదా అని సైకిల్ మానలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, "ఇంటిపనే మాకు వ్యాయామం" అని మనం తేలిగ్గా అనేసుకుంటాం. పని ఒంటికి గట్టిదనమిస్తుంది, నిజమే. పందేనికి కావలసిన దమ్ము మాత్రం ఆ పందేన్నే పదేపదే చేస్తేనే వస్తుంది.

ఫలితం వినండి. 1959 నుంచి 1983 దాకా వరసగా 25 ఏళ్ళు, 25, 50, 100 మైళ్ళ సగటు వేగాలు కలిపి చూసే జాతీయ పోటీలో ఆడవాళ్ళలో ఈమే ప్రథమం. 1963లో 25 మైళ్ళని గంటలోపు తొక్కిన మొదటి స్త్రీ. రోడ్డు మీద 1960, 1967లో, ట్రాక్ మీద మరో అయిదుసార్లు, మొత్తం ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్.

అన్నిటికంటే పెద్దరోజు 1967 సెప్టెంబరు 17. ఆ నెలలోనే కొద్ది రోజుల ముందు హాలండ్‌లో ప్రపంచ టైటిల్ గెలిచి వచ్చింది. ఇది 12 గంటల పోటీ. నర్సులకి లాంగ్ డే డ్యూటీ అంటే ఎంతో, అంతసేపు సీటు దిగకుండా తొక్కాలి, తింటూ తాగుతూ. ముందు మగవాళ్ళని వదిలారు, వాళ్ళ తర్వాత ఆడవాళ్ళని. మగవాళ్ళలో ముందున్న మైక్ మెక్‌నమారా ఆరోజు మగవాళ్ళ జాతీయ రికార్డు బద్దలుకొట్టే ఊపులో ఉన్నాడు. 200 మైళ్ళు దాటాక బెరిల్ అతన్ని అందుకుంది. దాటిపోతూ, పాపం అనిపించిందో ఏమో, జేబులోంచి అతిమధురం మిఠాయి తీసి ఇచ్చింది! అతను తీసుకుని తిన్నాడు. సాయంత్రానికి మెక్‌నమారా 276.52 మైళ్ళతో మగవాళ్ళ కొత్త రికార్డు పెట్టాడు. బెరిల్ తొక్కింది 277.25 మైళ్ళు, అంటే దాదాపు 446 కిలోమీటర్లు, గంటకి 37 చొప్పున. మగవాళ్ళు ఆ అంకె దాటడానికి రెండేళ్ళు పట్టింది. ఆడవాళ్ళలో అది 2017 దాకా, 50 ఏళ్ళు నిలిచింది.

ఇంత చేసినా డబ్బు రాలేదు. మన తాతలు అపురూపంగా చూసుకున్న ర్యాలీ సైకిల్ ఉంది చూశారూ, ఆ కంపెనీ ప్రొఫెషనల్‌గా రమ్మంటే వద్దని, చివరిదాకా అమెచ్యూర్‌గానే ఉండిపోయింది. ఒలింపిక్స్ మాట అసలే లేదు. ఆడవాళ్ళ సైకిల్ పందెం ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో, అప్పటికి బెరిల్‌కి 47 ఏళ్ళు. తలుపు తీసేసరికి పొద్దుపోయింది.

ఈ కథలో నాకు బాగా పట్టుకున్నది చార్లీ పాత్ర. సైకిళ్ళు బాగుచేయడం, పందేలకి కారు నడపడం, రోడ్డు పక్కన నిలబడి తిండీ నీళ్ళూ అందించడం, పిల్లని చూసుకోవడం. అతనూ పందేలు ఆడినవాడే. తనకంటే ఆమెలో సత్తా ఉందని తెలిశాక పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆ పొద్దుల్లో ఇల్లు ఎవరో ఒకరు చూడకపోతే ఆ 25 ఏళ్ళు ఉండేవి కావు.

అలాగని బెరిల్‌ని దేవతని చేయొద్దు. తల్లిని చూసి డెనీస్ కూడా రేసుల్లోకి వచ్చింది. 1972లో తల్లీకూతుళ్ళిద్దరూ ప్రపంచ పోటీలకి బ్రిటన్ తరఫున వెళ్ళారు. 1976 జాతీయ పోటీలో, చివరి గీత దగ్గర, కూతురు తల్లిని ఓడించింది. బెరిల్ కూతురికి షేక్‌హ్యాండ్ ఇవ్వలేదు. ముందున్న గుంపులో డెనీస్ తన వంతు కష్టం పడకుండా గెలిచిందని ఆమె కోపం. న్యాయమో కాదో గానీ, కన్నబిడ్డ గెలిచినరోజున కూడా ఓటమిని మింగలేని మనసది. ఆ మొండితనమే జబ్బు పిల్లని ఛాంపియన్ చేసింది, ఆ మొండితనమే ఆరోజు కూతుర్ని బాధపెట్టింది. 1982లో మళ్ళీ ఆ ఇద్దరే జోడు సైకిలెక్కి 10 మైళ్ళకి జాతీయ రికార్డు పెట్టారు. ఇంటి గొడవలు అలాగే సర్దుకుంటాయేమో మరి.

1996 మేలో, తన 59వ పుట్టినరోజు పిలుపులు పంచడానికి సైకిల్ మీద వెళ్తూ, గుండె ఆగి బెరిల్ పోయింది. మోర్లీలో ఆమె పేరున చిన్న తోట ఉంది, గోడ మీద బొమ్మ ఉంది.

మన గ్రూపుల్లో ఈమధ్య కొందరు చారిటీ రైడ్లకీ, 50 కిలోమీటర్లకీ పేర్లిస్తున్నారు. మీలో ఎవరైనా మొదలుపెడితే, ముందు వారంలో మూడు పొద్దులు ఎవరు పిల్లల్ని స్కూల్లో దింపుతారో, ఎవరు టిఫిన్ చేస్తారో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. సైకిల్ ఏది కొనాలన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.